గడప దగ్గర ఆగిన బండి

అనగనగా, నా బంగారుతల్లీ, వాగు పక్కనే ఉన్న ఒక ఊళ్ళో పూర్ణాచారి అనే వడ్రంగి ఉండేవాడు. ఆయన భార్య మాణిక్యాంబ. వాళ్ళకు ఆధారం ఒక చిన్న పనికొట్టం, దాని గోడకు వేలాడే రంపాలు, ఉలులు, బాడిశలు.

వానాకాలం వస్తే చాలు, మాణిక్యాంబకు ముద్ద దిగేది కాదు. కిందటేడు వాగు పొంగి కొట్టంలోకి వచ్చేసింది. ఒక్కొక్కటే మోసుకుపోయేలోగా సగం పనిముట్లు కొట్టుకుపోయాయి. మిగిలినవీ పోతే ఇంక పొయ్యి వెలగదు.

"ఏవండీ, అన్నీ ఒక్కసారే తోసుకుపోయేలా చక్రాల బండి చెయ్యరూ?" అంది.

"పనిముట్లకు బండేమిటే, పెళ్ళికొడుకులా ఊరేగడానికా?" అని నవ్వాడాయన. నవ్వాడే గానీ, మర్నాడే చెక్క కోశాడు.

మొదట బుల్లి చక్రాలు పెట్టాడు. అవి మట్టినేలలో దిగబడిపోయాయి. అప్పుడు పెద్ద చక్రాలు వేశాడు. కానీ బరువంతా పై అరలో పెట్టేసరికి, బండి ఒరిగి పనిముట్లన్నీ నేలపాలయ్యాయి. ఒక ఉలి మాణిక్యాంబ కాలికి తగిలింది. "తప్పయింది తల్లీ" అంటూ దాన్ని తీసి కళ్ళకద్దుకుంది.

ఆ తర్వాత బరువైనవి కిందికి, తేలికైనవి పైకి సర్దాడు. బండి ఈ గోడ నుంచి ఆ గోడకు హాయిగా దొర్లింది. అయినా మాణిక్యాంబ గుండె కుదుటపడలేదు. ఏదో మరిచిపోయామని గుబులు.

ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మింది. వాగు హోరు దగ్గరైంది. గబగబా పనిముట్లన్నీ బండికెత్తి తోశారు. గడప దగ్గర చక్రం ఠక్కున ఆగిపోయింది.

ఎత్తైన గడప. పొద్దున్నే పసుపు రాసి బొట్లు పెట్టిన గడప. ఇన్నాళ్ళూ లోపలే తోసి చూసుకున్నారు గానీ, బయటికెలా పోతుందో ఇద్దరికీ తట్టనే లేదు. ఎత్తుదామంటే బండి లేవలేదు.

"ఇప్పుడెలాగండీ?"

"గడప మీంచి చక్రం తొక్కించనా? ఊరందరికీ గడపలు నిలబెట్టి, తొక్కకండని చెప్పేవాణ్ణి నేనే కదే!" అన్నాడాయన. నీళ్ళు వాకిట్లోకి వచ్చేశాయి.

అప్పుడు మాణిక్యాంబ గడపకు దణ్ణం పెట్టింది. "అమ్మా, నీ మీద బరువు మోపం. దారి చూపించు." కళ్ళు తెరిస్తే ఎదురుగా ఎవరికోసమో చేసిన కొత్త పీటలు కనిపించాయి.

గడపకు ఇవతల కొన్ని, అవతల కొన్ని పేర్చింది. పైన మందపాటి చెక్క వేశాడాయన. ఎక్కడానికో చెక్క, దిగడానికో చెక్క ఆనించాడు. మాణిక్యాంబ కింద వేలు పెట్టి చూసింది. చెక్క గడపకు తగల్లేదు.

ఆయన లాగాడు, ఆమె తోసింది. ఒక చక్రం అంచుదాకా జారింది. "అయ్యో, అయ్యో!" అంటూ భుజం ఆనించింది. బండి దడదడమంటూ బయటపడింది. మిట్ట ఎక్కి వెనక్కి చూస్తే, కొట్టంలో నీళ్ళు తిరుగుతున్నాయి.

వాగు తీశాక, మాణిక్యాంబ ముందు గడప కడిగి పసుపు రాసింది. పూర్ణాచారి ముందు చేసింది, గడప దాటించే చెక్కవంతెన. అందుకేనమ్మా, వాళ్ళ వంశమైన మనింట్లో ఏ వస్తువు చేసినా ఇప్పటికీ ముందు గడప కొలుస్తారు.

బండి గడప దాటింది,
వాగు వెనక్కి మళ్ళింది,
కథ కంచికి చేరింది,
చిట్టితల్లి కంటికి నిద్దరొచ్చింది.