గట్టుమీద పెట్ట, నీళ్ళలో పిల్లలు

"పెట్టమ్మా పెట్టమ్మా, పిల్లలేవీ?
గట్టుమీద లేవమ్మా, నీళ్ళలో ఉన్నాయ్.
భయమేస్తే ఏం జేస్తావ్ పెట్టమ్మా..."

చిన్నప్పుడు నారు పీకుతూ పాడుకునేవాళ్ళం. భయమేస్తే పెట్ట ఏం చేసిందో ఆ చరణం మాత్రం ఎంత తలుచుకున్నా రావడం లేదు. అరవై దాటాక నాకు అక్షరాలు నేర్పిన హైమవతి టీచరు, ఈ కాలపు తత్వవేత్తలు భయం గురించి ఏమన్నారో ఒక పుస్తకం చదివి వినిపించింది. సగం అర్థమయింది, సగం ఆశ్చర్యంగా మిగిలింది. ఆ మిగిలినదాన్ని పాటకి అతికించి ఇలా కథ చేశాను.

ఒక కుంట పక్క దొడ్డిలో ఎర్రపెట్ట ఉండేది. బాతులు గుడ్లమీద కుదురుగా కూర్చోవు కదా, అందుకని ఇంటావిడ ఆరు బాతుగుడ్లు తెచ్చి ఎర్రపెట్ట కింద పెట్టింది. ఇరవై ఒక్క రోజులకి పిల్లలు రాలేదు. "మొండి పిల్లలు" అనుకుని ఇంకో వారం ఓపిగ్గా కూర్చుంది పెట్ట. ఆరూ వచ్చాయి. మూడోనాడు ఆరూ బుడుంగుమని కుంటలో దూకాయి.

"అయ్యో! మునిగిపోయార్రో!" అని పెట్ట గట్టు పొడుగునా పరుగెత్తింది.

"మునగలేదే, ఈదుతున్నారు" అంది బురదలో వీపుదాకా దిగి ఉన్న గేదె.

"ఇవాళ ఈదుతారు, రేపు మునిగితే?"

"రేపటి మాట రేపు అరుద్దువుగాని, ఇప్పుడు నాలుగు గింజలు తిను."

పెట్ట తినలేదు. నాలుగు రోజులయ్యేసరికి ఈకలు రాలి, గొంతు బొంగురుపోయింది.

అయిదోనాడు పొద్దున నక్క వచ్చింది. గ్రంథాలయం వెనక తుప్పల్లో పడుకుని, లోపల చదివేవన్నీ వింటూ ఉంటుందది. పెట్టకి దూరంగా, మర్యాదగా కూర్చుంది.

"ఏంటి చెల్లెమ్మా ఇలా చిక్కిపోయావు?"

"భయం నక్కగారూ. గుండె నిలవడం లేదు."

"కొత్త తత్వం వినలేదా నువ్వు? ఎవరి బతుకు వాళ్ళే ఎంచుకోవాలి. వాళ్ళు నీళ్ళు ఎంచుకున్నారు. నీ భయం నీ మనసు అల్లుకున్న గూడు, అంతే. కళ్ళు మూసుకో. నెమ్మదిగా వంద ఊపిర్లు తియ్యి. వందయ్యేదాకా తెరవకు."

పెట్ట కళ్ళు మూసుకుంది. ఒకటి, రెండు, మూడు... నిజంగానే గుండె దడ తగ్గింది! 'ఎంత మంచి విద్య!' అనుకుంది. పన్నెండో ఊపిరికి పిల్లల కిచకిచలు ఒడ్డుకి దగ్గరవుతున్నాయి. ఈత చాలించి అమ్మ రెక్కల కింద ఒళ్ళు ఆరబెట్టుకునే వేళ అది. నక్క కూర్చున్న వైపునుంచి మాత్రం అలికిడి లేదు.

ఒక కన్ను తెరిచింది. నక్క నీటి అంచున పొట్ట నేలకానించి, తోక బిగించి పొంచి ఉంది.

నిన్నటి పెట్ట అయితే గోలపెట్టి పరుగెత్తేదే. ఇవాళ ఇంకొక్క ఊపిరి తీసుకుంది.

"నక్కగారూ, ఒక్క సందేహం!"

నక్క ఉలిక్కిపడి లేచింది. "ఇంకా వంద కాలేదే?"

"లెక్క తప్పానండీ. తమలాంటి పెద్దలు ఒక్కసారి చేసి చూపిస్తే నేర్చుకుంటాను. అదిగో, ఆ నల్లదిబ్బ మీద నిలబడితే అందరికీ కనబడతారు. పిల్లలు కూడా వింటారు."

పిల్లలు కూడా అనేసరికి నక్కకి నోరూరింది. గెంతి దిబ్బమీద నిలబడి, ఛాతీ విరిచి, కళ్ళు మూసుకుంది. "ఒకటి..."

"అక్కా, కాస్త లోపలికి నడువు" అంది పెట్ట మెల్లిగా.

నల్లదిబ్బ కదిలింది. గేదె తాపీగా కుంట నడిమికి నడిచింది.

"బాబోయ్! నీళ్ళు! నీళ్ళు!"

"నీళ్ళు కావండీ, మీ మనసు అల్లుకున్న గూడు!" అంది చిట్టచివరి బాతుపిల్ల.

గేదె ఒళ్ళు విదిలించింది. నక్క నీళ్ళు మింగుతూ, తుమ్ముతూ అవతలి గట్టెక్కి, వెనక్కి చూడకుండా పోయింది.

ఆరు పిల్లలూ రెక్కల కిందికి వచ్చాక పెట్ట అడిగింది. "అయితే ఆ తత్వమంతా అబద్ధమేనా అక్కా?"

"ఊపిరి తీస్తే గుండె నెమ్మదించిందా లేదా?"

"నెమ్మదించింది."

"ఆ నెమ్మదిలోనేగా ఉపాయం తోచింది? మాట మంచిదే. కళ్ళు మూసుకోమన్నదే వాడి సొంత కవిత్వం."

మర్నాడు పిల్లలు మళ్ళీ దూకాయి. పెట్ట గుండె మళ్ళీ ఝల్లుమంది. కానీ పరుగెత్తలేదు. గట్టుమీద కూర్చుని, కళ్ళు తెరుచుకునే ఊపిరి తీసుకుంటూ, మధ్యమధ్య నాలుగు గింజలు తింది.

మనసుని నెమ్మదిపరిచే మాట ఎవరు చెప్పినా తీసుకో, కళ్ళు మాత్రం మూసుకోకు.

హైమవతి టీచరుకి వేరే ఊరికి బదిలీ అయింది. బస్సు దగ్గర నేను, "నువ్వెళ్ళిపోతే నా తప్పులెవరు దిద్దుతారమ్మా? కలం పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది" అన్నాను. ఆవిడ కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది.

"వణికితే వణకనీయండి మామ్మగారూ, రాయడం మాత్రం ఆపకండి."