బీరయ్య ఏరిన వెంట్రుకలు

దుబ్బగట్టు అనే ఊళ్లో గొంగళ్లు నేసే బీరయ్య ఉండేవాడు; చేతిపని బంగారమే కానీ, దేనికైనా ఒక వంక పెట్టనిదే అతనికి ముద్ద దిగేది కాదు. పప్పులో ఉప్పు సరిపోతే పులుపు ఎక్కువైందనేవాడు. వాన కురవకపోతే తిట్టేవాడు, కురిస్తే మగ్గం గుంటలోకి నీళ్లొచ్చాయని తిట్టేవాడు. "గొంగట్ల తినుకుంట ఎంటికెలు ఏరే మనిషివి నువ్వు" అని పక్కింటి పోశవ్వ ముఖం మీదే అనేది. "సామెత సుత సక్కగ చెప్పరాదు నీకు" అని ఆమెకూ వంక పెట్టేవాడు.

ఆ ఇంటికి సుగుణ కోడలై వచ్చింది. గొర్రెలు కాసేవాళ్ల ఇంట పుట్టిన పిల్ల. కదురు పట్టుకుని కూర్చుంటే పొద్దు తిరిగేలోపు బుట్టెడు నల్ల ఉన్ని దారమైపోయేది. బీరయ్య ఆ దారాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని చూసేవాడు.

"ఇది దారమా, తాడా? జిడ్డు పోలే. గొర్రె వాసన కొడుతున్నది. గరుకు బొచ్చు ఏరకుండనే వడికినవ్" అనేవాడు.

సుగుణ మొదట్లో నవ్వి ఊరుకునేది. కొన్నాళ్లకు నవ్వడం మానేసింది.

ఒకసారి బీరయ్య గొంగళ్లు అమ్మడానికి పట్నంలోని ఉన్ని బట్టల దుకాణానికి వెళ్లాడు. అక్కడ అద్దాల బీరువాల నిండా శాలువాలు, స్వెట్టర్లు, మఫ్లర్లు ఉన్నాయి. కాళ్ల కింద పూల తివాచీ పరిచి ఉంది. ఒక శాలువాను చెంపకు ఆనించుకుని చూశాడు. వెన్నలా ఉంది. దుకాణదారు మాత్రం గొంగడిని వేలితో నొక్కి చూసి, "గుచ్చుకుంటుంది పెద్దాయనా, పైగా వాసనొకటి" అన్నాడు. ఊరందరికీ వంకలు పెట్టిన బీరయ్య పనికి ఒకరు వంక పెట్టడం అదే మొదలు. తిరుగుదారి పొడుగునా ఆ మాట అతనికి గుచ్చుకుంటూనే ఉంది.

ఇంటికి రాగానే, "ఇగ మన గొంగడి శాలువ లెక్కనే ఉండాలె" అన్నాడు. ఉన్నిని వేడి సోడా నీళ్లలో మూడుసార్లు నానబెట్టి జిడ్డంతా పోగొట్టాడు. గరుకు వెంట్రుకలన్నీ ఒక్కొక్కటే ఏరి పారేశాడు. బిగువు కోసం పట్టించే చింతగింజల గంజిని కూడా, బిరుసుగా ఉంటుందని మానేశాడు.

"మామా, జిడ్డు ఉంటెనే వాన నీళ్లు జారిపోతయి. మా అయ్య గుట్టల పొంటి తిరిగేటప్పుడు గరుకు గొంగడే ఎతుక్కునేటోడు" అంది సుగుణ.

"నాకే నేర్పుతవా? నువ్వు వడికిన దారం సంచుల మూతులు కట్టనీకి సుత అక్కరకు రాదు" అంటూ, ఆమె నెల రోజులుగా వడికిన ఉండలన్నీ వాకిట్లోకి విసిరేశాడు.

సుగుణ ఏడవలేదు. ఉండలు ఏరుకుని లోపలికి తెచ్చింది. కదురును అటక మీద పెట్టేసింది. "ఇగ ఈ ఇంట్ల నేను కదురు ముట్ట మామా" అంది. వడికే చేయి ఆగితే మగ్గం ఎన్నాళ్లు ఆడుతుంది? బీరయ్యకు అదీ తట్టలేదు. కొడుకు మల్లేశానికి మాత్రం మనసు ఆగలేదు. తండ్రి మగ్గం దిగినప్పుడల్లా ఆ ఉండలతోనే కొంచెం కొంచెంగా ఒక గొంగడి నేసి, గంజి పట్టించి భార్యకిచ్చాడు.

బీరయ్య దాన్ని చూసి, "ఇది గొంగడా, ఎలుగుబంటి తోలా?" అన్నాడు.

చివరికి, ఏరిన ఉన్నిని ఊళ్లో వేరేవాళ్లతో వడికించుకుని నేసిన బీరయ్య కొత్త గొంగడి కూడా తయారైంది. నిజం చెప్పాలి కదా, అందంగానే ఉంది. దాన్ని ఊరంతా చూడాలని అతని కోరిక. మల్లేశం సంతకు పోయిన రోజు చూసుకుని, రోజూ కొడుకు మేపే ఇంటి గొర్రెలను తానే తోలుకుపోతానన్నాడు.

"మందల ఒక చూలు గొర్రె ఉన్నది మామా. నేడో రేపో ఈనుతది, పైలం" అంది సుగుణ.

మధ్యాహ్నం దాటేసరికి గుట్ట మీద మబ్బు కమ్మింది. వాన మొదలైంది, వెనకే వడగళ్లు. బీరయ్య గొంగడిని తల మీదికి లాక్కున్నాడు. ఆ మెత్తటి గొంగడి కాసేపట్లోనే నీళ్లన్నీ తాగేసింది. బరువుకు అతని మెడ వంగిపోయింది. పళ్లు టకటకలాడాయి. సరిగ్గా అప్పుడే చూలు గొర్రె ఈనింది. వణుకుతున్న పిల్లను గొంగడిలో చుట్టాడు. చుట్టినకొద్దీ అది ఇంకా చల్లబడింది. అరుపు సన్నబడిపోతుంటే బీరయ్యకు దుఃఖం వచ్చింది.

"నా చేతుల్లనే పోతున్నదే" అన్నాడు, వినేవాళ్లు ఎవరూ లేకపోయినా.

అంతలో సుగుణ వచ్చింది. మబ్బు చూడగానే ఇంటి నుంచి బయలుదేరిందట. తన తల మీద గోనెసంచిని కొప్పెరలా మడిచి వేసుకుని, చంకలో మామ ఎలుగుబంటి తోలన్న గొంగడిని పెట్టుకుని వచ్చింది. మామ భుజాల మీద నుంచి తడి గొంగడి తీసేసింది. తన గొంగడిని అతనికీ పిల్లకూ కలిపి కప్పి, మందను బండ చాటుకు తోలింది.

వాన చినుకులు ఆ గరుకు వెంట్రుకల మీదే నిలిచి, అట్నుంచి అటే కిందికి జారిపోతున్నాయి. లోపల పొడిగా ఉంది. కాసేపటికి పిల్ల అతని గుండెల దగ్గర కదిలింది, గట్టిగా అరిచింది.

"గుచ్చుకుంటున్నదా మామా?" అంది సుగుణ.

"గుచ్చుకోనీ బిడ్డా" అన్నాడు బీరయ్య. "నేను విసిరేసిందే నన్ను కాపాడింది. తప్పు నా కండ్లదే."

మర్నాడు పొద్దున్నే బీరయ్య తానే అటక ఎక్కాడు. కదురు దించి, దుమ్ము తుడిచి కోడలి ముందు పెట్టాడు. "వడుకు బిడ్డా. దారం ఎట్లుండాలెనో నువ్వు చెప్పు, నేను నేస్త" అన్నాడు. సుగుణ దాన్ని ఒళ్లోకి తీసుకుంది.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఉన్నిని పారేయడం లేదు, వేరుచేయడమే. గొర్రెపిల్లల మెత్తటి ఉన్ని శాలువాలకు, పెద్ద గొర్రెల గరుకు ఉన్ని గొంగళ్లకు, మరీ మొరటుది కూర్చునే ఆసనాలకు. బీరయ్య తన మెత్తటి గొంగడిని ఆరబెట్టి, చలికాలం ఇంట్లో కప్పుకోమని పోశవ్వకు ఇచ్చాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అంచు జర వంకరున్నది గదరా" అంది. బీరయ్య నోరు తెరిచాడు. మళ్లీ మూసుకుని నవ్వాడు.

ఏది ఎందుకు అలా ఉందో తెలుసుకోకుండా వంక పెట్టేవాడు, ఆ వంకతోపాటు అందులోని మంచిని కూడా పారేసుకుంటాడు.