పైడమ్మ వాలు

అనగా అనగా, ఏలిన రాజుల పేర్లు కూడా ఎవరికీ గుర్తులేనంత పాతకాలంలో, ఏటి ఒడ్డున ఒక వైద్యశాల ఉండేది. ఏరు పొంగినప్పుడు నీరు లోపలికి రాకుండా దాని గడపను మోకాలెత్తున కట్టారు. శుక్రవారం శుక్రవారం ఆ గడపకు పసుపు రాసి బొట్లు పెట్టేవారు.

ఆ ఊరి వడ్రంగి కూతురు పైడమ్మ. పుట్టుకతోనే ఆమె కాళ్లు నిలవలేదు. తండ్రి ఆమెకు చక్రాల పీట చేసి ఇచ్చాడు. చేతులతో నేలను తోసుకుంటూ ఆమె ఊరంతా తిరిగేది. మంచాన పడిన తల్లికి ఏళ్ల తరబడి సేవ చేసిన చేతులవి. తల్లి పోయాక ఆ చేతులకు పని లేకపోయింది. పైడమ్మకది భరించరానిదైంది.

ఒకనాడు వైద్యశాల ముందు పీట ఆపి, రోగులకు ఉపచారం చేసే పని ఇమ్మని అడిగింది. వైద్యుడు వల్లభయ్య మంచివాడే. మాట మాత్రం పెళుసు.

"ఉపచారం చేయించుకోవలసినదానివి, నువ్వెవరికి చేస్తావమ్మా?"

పైడమ్మ తల్లి సంగతి చెప్పింది. ఆయన మెత్తబడ్డాడు. రోజూ ఇద్దరు మనుషులు ఆమెను ఎత్తి లోపల దించుతారన్నాడు.

"ఎత్తవద్దు. వాలు వేయండి," అంది పైడమ్మ. గడపకు ఇటు కొంత మన్ను, అటు కొంత మన్ను పోస్తే చాలునంది.

తాతలనాటి గడపను మట్టితో కప్పడం కుదరదన్నాడాయన. "ఎత్తించుకోవడానికి నామోషీ ఏముంది?"

"నామోషీ కాదు బాబూ. లోపల రోగి దాహమంటాడు. బావి బయట ఉంది. ఎత్తేవాళ్లు వచ్చేదాకా అతని దాహం ఆగుతుందా?"

వల్లభయ్య గడప దాటి లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పైడమ్మ జావకుండతో వచ్చి గడపకు ఇవతల కూర్చుంది. లోపలి పరిచారకులు నిలబడి, పైనుంచి జావ పోసేవారు. సగం నోట్లోకి, సగం గడ్డం మీదికి. గడప పక్కనే పడుకున్న రోగికి జావ పడుతుంటే, పీట మీది పైడమ్మ ముఖం మాత్రం అతని ముఖానికి సరిగ్గా ఎదురుగా ఉండేది. గుటక గుటకకూ ఆగేది. అది చూసి, పడవ నడిపే ముసలి అప్పలసూరి తన చాప ఈడ్చుకుంటూ గడప దగ్గరికి వచ్చాడు.

"ఏం తాతా, ఇలాగొచ్చావు?" అంది పైడమ్మ.

"జావ ఇక్కడుంటే నోరు అక్కడెందుకే అమ్మీ?"

ఆ మర్నాడు మరికొన్ని చాపలు వచ్చాయి. మూడోనాటికి చాపలన్నీ వచ్చాయి. వల్లభయ్య వచ్చేసరికి గడప దాటి కాలు పెట్టే చోటు లేదు.

ఒకసారి దారి ఇమ్మన్నాడు. ఎవరూ కదలలేదు. రెండోసారి గద్దించాడు. కొందరు కళ్లు మూసుకుని మూలిగారు. మూడోసారి అడిగితే అప్పలసూరి చేతులు జోడించాడు.

"దారి లేదు బాబూ. మాలో ఇద్దరం తమర్ని ఎత్తి లోపల దించుతాం. నామోషీ ఏముంది?"

వల్లభయ్య ఆ సన్నని చేతులకేసి చూశాడు. ఆ చేతుల మీద గాలిలో వేలాడే తన ఆకారాన్ని ఊహించుకున్నాడు. వైద్యశాలలో ఆయన నవ్వడం అదే మొదలు.

"ఎత్తవద్దు," అన్నాడు. "వాలు వేయండి."

సాయంత్రానికి వాలు సిద్ధమైంది. తన పీటకు చాలినంత వెడల్పు సరిపోదంది పైడమ్మ. మరింత మన్ను పోయించింది. కుంటివారు వచ్చారు, గుడ్డివారు వచ్చారు, కర్ర పట్టిన ముసలివారు వచ్చారు. ఆపైన ఆమె సంతకు వెళ్లి, వాలు వేయమని అదే మాట చెప్పింది. రేవుకు వెళ్లి అదే మాట చెప్పింది. చావడికి వెళ్లీ అదే మాట. ఎక్కడా గొంతు పెంచలేదు, ఎక్కడా మాట మార్చలేదు.

తల నెరిసేదాకా రోగులకు సేవ చేసి, పైడమ్మ కన్నుమూసింది.

ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డున రోగికి జావ పట్టేవారు మొదట ఎదురుగా కూర్చుంటారు. గడప నిలిపిన ప్రతి ఇంటివారూ పక్కనే పైడమ్మ వాలు వేస్తారు. శుక్రవారం పసుపు మొదట వాలుకు, తరువాత గడపకు. ఈ ఇంట్లో నడవలేనివారు ఎవరున్నారని కొత్తవాళ్లు అడిగితే, ఆ ఇల్లాలు చేతిపని ఆపకుండా చెబుతుంది:

"ఇంకా రాలేదు. వస్తారు."