ఉరికి ముందు పళ్లెం

ఒకానొక రాజ్యంలో, సముద్రపుటొడ్డున, వీరకేసరి అనే రాజుండేవాడు. తన ఆస్థాన పండితుడు విరూపాక్ష భట్టుకు యాభై ఆరు భాషలు వచ్చునని ఆయనకు మహా గర్వం. నిజానికి వచ్చినవి రెండున్నర, ఆ అరా అనుమానమే! అయినా భట్టు చెప్పిన అర్థానికి ఎదురాడితే కొరడా దెబ్బలే.

ఒకనాడు ఓడ పగిలి ఐర్లాండు దీవివాడొకడు ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. భట్టు వాడి మాటలు విని, "ప్రభూ, వీడు వేగులవాడు. తానే ఒప్పుకుంటున్నాడు" అన్నాడు. నెల తిరిగాక ఉరి వేయమన్నాడు రాజు. ఆ సంగతి వాడికి తెలిసేలా చెప్పే నాథుడే లేడు.

చెరసాలలో అన్నం వడ్డించే పేరిందమ్మకు కడుపు తరుక్కుపోయింది. భట్టుది పచ్చి అబద్ధమని ఆమెకు తెలుసు. కానీ వంటమనిషి మాట వినేదెవరు?

ఉరికి ముందు ఖైదీకి సభలో కడుపునిండా పెట్టడం అక్కడి ఆచారం. ఆ ఉదయం పేరిందమ్మ పళ్లెంతో వచ్చి రాజు ముందు నిలబడింది.

"ఏలినవారు మన్నించాలి. వీడు రోజూ నాతో మూడు మాటలంటాడు. ఈస మే, డిహ్ మే, ఇహ్. శాపనార్థాలేమోనని గుండె దడగా ఉంది దొరా. పండితులవారు అర్థం చెబితే..."

భట్టు శాలువా సవరించుకున్నాడు. "ఓసి పిచ్చిదానా! ఈస మే అంటే కోట తగలబెడతాను. డిహ్ మే అంటే కావలివాణ్ణి చంపాను. ఇహ్ అంటే నువ్వూ చస్తావు."

"అమ్మో! నిజమేనా స్వామీ?"

"నా తల పందెం."

పేరిందమ్మ పళ్లెం ఖైదీ ముందు పెట్టింది. వాడు జొన్నన్నం చూసి పొట్ట నిమురుకుని, "ఈస మే" అన్నాడు. ఆవురావురుమని తిన్నాడు. మూతి తుడుచుకుని, "డిహ్ మే" అన్నాడు. పళ్లెంలో మిగిల్చిన ఆఖరి ముద్ద తీసి, తనను చంపమన్న రాజుకే అందించబోయాడు.

"ఇహ్," అన్నాడు ఆప్యాయంగా.



"తింటాను, తిన్నాను, తిను. అంతే మహారాజా," అంది పేరిందమ్మ. "రోజూ ఆ ముద్ద నాకివ్వబోయేవాడు. అందుకే తెలిసింది."

రాజు పకపకా నవ్వాడు. ఖైదీ కాళ్ల కట్లు విప్పించాడు, భట్టును పొలిమేర దాటించమన్నాడు, తన చేతి కంకణం తీసి పేరిందమ్మకిచ్చాడు. ఆమె దాన్ని కళ్లకద్దుకుంది గానీ కదల్లేదు.

"ఇంకేం కావాలి?"

"ఏమీ వద్దు దొరా. పోయినేడు భట్టుగారి మాట మీదే ఇంకో ఓడవాణ్ణి ఉరి తీయించారు. వాడికీ నేనే వడ్డించాను. వాడున్నది రెండు పూటలే. ఒక్క మాటైనా పట్టుబడలేదు."

రాజు నవ్వు ఆగిపోయింది. సింహాసనం దిగి, ఆ పోయినవాడి పేరేమిటని అడిగాడు.

ఆ సభలో ఎవరికీ తెలియదు.