గవరమ్మ నడక

మణిగిరి కోటలోని పొడవాటి నడవలో మంత్రి విరూపాక్షుడు ఒక యంత్రం పెట్టించాడు. ఈ చివర పలక తొక్కితే కుండలోకి నీళ్లు పడతాయి, ఆ చివర పలక తొక్కితే ఆగిపోతాయి. కుండ పొర్లేలోగా ఆ చివరికి చేరలేని ముసలి పనివాళ్లకు కొలువు పోయినట్టే.

దాది గవరమ్మ, రాజు చూస్తుండగా, నిద్రపోతున్న రాకుమారుణ్ణి భుజాన వేసుకునే నడిచింది. కుండ పొర్లింది.

“ఇక ఇంటికి పో, అవ్వా!” అన్నాడు మంత్రి.

గవరమ్మ కదల్లేదు. “నేను చేసే పనే తమరు ఒకసారి చేసి చూపించండి, అయ్యా. అప్పుడు వెళతాను,” అంటూ బిడ్డను అందించింది.

మంత్రి గబగబా రెండడుగులు వేశాడు. బిడ్డ ఉలిక్కిపడ్డాడు.

“మెల్లగా! మెల్లగా నడవవయ్యా!” అని రాజే కేక పెట్టాడు.

మంత్రి అడుగులో అడుగు వేసుకుంటూ చేరేసరికి నీళ్లు కుండ పొర్లి నేలంతా పారాయి.

గవరమ్మ బిడ్డను తీసుకుని, “ఇప్పుడు ఇంటికి ఎవరు వెళ్లాలి, ప్రభూ?” అంది.

“యంత్రం!” అన్నాడు రాజు.