చేతికర్ర తగిలిన చిత్రం

కాకినాడలో ఫోటోగ్రఫీ నేర్పే భావనారాయణగారిని శిష్యుడు కామరాజు ఒక ప్రశ్న అడిగాడు.

"ప్రదర్శనకు నా ఫోటోలు తీసుకున్నారండీ. మన పద్మనాభం రంగుల్తో వేసిన బొమ్మల్ని మాత్రం అందరి ముందూ వెక్కిరించి తిప్పి పంపారు. ఒళ్లు మండింది. కానీ నోరెత్తితే నావీ తీసేస్తారు. కళను నమ్ముకున్నవాడు ఇలాంటి గొడవల్లోకి దిగవచ్చా?"

గురువుగారు అవుననలేదు, కాదనలేదు. ఈ సంగతి చెప్పారు.

మోటారు కార్లు కొత్తగా వస్తున్న రోజుల్లో న్యూయార్కులో ఎజ్రా హాలిడే అనే ఫోటోగ్రాఫరు ఉండేవాడు. ఫోటో కూడా కళేనని వాదించీ వాదించీ ఆయన జుట్టు నెరిసింది. తన చిన్న గదిలో, తన ఫోటోల పక్కనే, ఎవరూ చోటివ్వని కొత్తరకం చిత్రకారుల బొమ్మలు వేలాడదీసేవాడు. చివరికి నగరంలోని పెద్ద మ్యూజియం మెత్తబడింది. ఆయన ఫోటోలు ఎంచుకోవడానికి ముగ్గురు పెద్దమనుషుల్ని పంపింది.

ఫోటోలు తీసుకుని వెళ్లబోతూ వాళ్లలో ఒకాయన క్లారా అనే అమ్మాయి వేసిన చిత్రం ముందు ఆగాడు. అది వంతెన బొమ్మ. వంతెన వంతెనలా లేదు. ఎర్రటి గీతలూ నల్లటి గీతలూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆయన చేతికర్రతో దాన్ని పొడిచి, "దీన్ని కూడా కళంటారా?" అని నవ్వాడు. తక్కిన ఇద్దరూ నవ్వారు. క్లారా అక్కడే, కిటికీ పక్కన నిలబడి ఉంది.

"నా ఫోటోల్ని మొదటిసారి చూసినప్పుడు మీరన్నదీ ఈ మాటే," అన్నాడు హాలిడే.

"అప్పటి సంగతి వేరు. ఇప్పుడు మీరు మావాళ్లు."

ఆ మాట హాలిడేకు చెంపదెబ్బలా తగిలింది. పెద్దమనిషి చేతిలోని ఫోటోలు లాక్కుని, తలుపు బార్లా తీశాడు. "ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పి ఇవి పట్టుకెళ్లండి. చెప్పలేకపోతే ఖాళీ చేతులతో వెళ్లండి."

వాళ్లు ఖాళీ చేతులతోనే మెట్లు దిగారు.

"నా మూలంగా ఇంత పోగొట్టుకున్నారు," అంది క్లారా, ఏడుపు ఆపుకుంటూ.

హాలిడే బొమ్మ దగ్గరికి వెళ్లాడు. కర్ర తగిలినచోట రంగు ఊడిందేమోనని వంగి చూస్తూ, "వాళ్లతో కలిసి నేనూ నవ్వితేనే నన్ను లోపలికి రానిస్తారట," అన్నాడు.

గురువుగారు అక్కడితో ఆపారు. కామరాజు, "మరి ఆయన ఫోటోలు తరవాతైనా మ్యూజియంలో పెట్టారాండీ?" అని అడిగాడు.

"ఆ అమ్మాయి ఏమైందని అడుగుతావనుకున్నాను," అన్నారు భావనారాయణగారు.