కాఫీ బండి

కోదండపాణి చేసిన బొమ్మకారు మళ్ళీ గుట్ట మధ్యలో ఆగిపోయింది. దాని నెత్తిన చెంబులో కాఫీ చల్లారిపోతోంది. కారు పొట్ట మాత్రం ముట్టుకుంటే చెయ్యి కాలేలా ఉంది. కింద వంటింటి గుమ్మంలోంచి ఇది చూసిన వంటావిడ పర్వతమ్మ మరో చెంబు కాఫీ కలుపుకుని, మోకాలి మీద చెయ్యి ఊనుకుంటూ గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది.

ఆ కారు పుట్టిందే ఆమె మోకాళ్ళ కోసం. నిరామయానంద స్వామి కుటీరం గుట్ట మీద, ఆశ్రమం వంటిల్లు గుట్ట కింద. స్వామి అన్నీ వదిలేసినవారే, కాఫీ తప్ప. కోదండపాణి ఇంజనీరు ఉద్యోగం వదిలి ఆయన దగ్గర చేరాడు గాని స్క్రూడ్రైవరు వదల్లేదు. "రేపట్నుంచి మీరు గుట్టెక్కక్కర్లేదు పిన్నిగారూ" అని ఆమెకి మాటిచ్చి, రిమోటుతో నడిచే ఈ కారు తయారుచేశాడు. చెంబు తనే మోసుకెళ్ళవచ్చుగా అని ఆశ్రమంలో ఎవరికీ తోచలేదు. అతనికి అసలే తోచలేదు.

కారు వెనక చక్రాల మధ్య డిఫరెన్షియల్ అని ఒక చిన్న డబ్బా ఉంటుంది. మలుపులో ఒక చక్రం నెమ్మదిగా, ఇంకోటి వేగంగా తిరగాలి కదా, లోపలి పళ్ళచక్రాలు ఆ సర్దుబాటు చేస్తాయి. గుట్ట దారంతా మలుపులే. రోజూ కాలిపోతున్నదీ ఆ డబ్బాయే.

కోదండపాణికి వదులుగా ఉన్నదేదీ గిట్టదు. తలుపు గడియలు, బట్టలు ఆరేసే తాడు, తన పంచె ముడి, అన్నీ బిగువే. మధ్యాహ్నం భోజనాల పంక్తి కూర్చోబెట్టేదీ అతనే. మోకాలికి మోకాలు తగలాల్సిందే. లేకపోతే చోటు చాలదంటాడు. భోజనశాల సగం ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

పర్వతమ్మ తెచ్చిన కాఫీ తాగుతూ స్వామి అతని ఒళ్ళో ఉన్న కారుని చూశారు.

"దీనికేమిటి జబ్బు?"

"వేడెక్కుతోంది స్వామీ. పళ్ళ మధ్య సందుంది. వాషరు వేసి బిగించాను."

"తగ్గిందా?"

"లేదు. ఇంకోటి వేసి బిగించాను."

"అప్పుడు తగ్గిందా?"

"ఇంకా పెరిగింది స్వామీ. ఇవాళ ఇంకోటి వేస్తాను."

స్వామి తల ఊపారు. రేపు కూడా ఆగితే ఆ కారుని బడిపిల్లలకి ఇచ్చేయమన్నారు. ఫరవాలేదు, నేను ఎక్కుతాలే బాబూ అంది పర్వతమ్మ. ఆ మాటకి కోదండపాణి ప్రాణం చివుక్కుమంది.

కుటీరంలోనే భోంచేసే స్వామి ఆ మధ్యాహ్నం కిందికి దిగి వచ్చారు. ఖాళీగా ఉన్న వైపు చూడనైనా చూడకుండా, కోదండపాణికీ గోశాల చూసే అప్పలస్వామికీ మధ్య కూర్చున్నారు. అక్కడ చెయ్యి దూరే చోటు లేదు, స్వామి చూస్తే భారీ మనిషి. పంక్తి ఆ చివరిదాకా కదిలిపోయింది.

స్వామి ముద్ద ఎత్తితే మోచెయ్యి కోదండపాణి డొక్కలో దిగింది. కోదండపాణి ముద్ద చెవి దగ్గరికి పోయింది. అప్పలస్వామి విస్తట్లో సాంబారు పక్క విస్తట్లోకి చేరింది. అందరికీ చెమటలు కారుతున్నాయి. గురువుగారాయె, జరగమని అనేదెవరు?

"కోదండం, ఇంకాస్త ఇటు జరుగు నాయనా," అన్నారు స్వామి. "ఇక్కడ సందుంది."

కోదండపాణి జరగబోయి ఆగిపోయాడు. ముద్ద చేతిలోనే ఉంది. నుదుటి మీది చెమట టప్పున విస్తట్లో పడింది. దాన్ని చూశాడు, చెమటలు కక్కుతున్న పంక్తిని చూశాడు. పంక్తి మధ్యలోంచి లేవకూడదన్న సంగతి మరిచిపోయి, విస్తరాకు అంచు చింపుకుని, ఎంగిలి చేత్తోనే బయటికి పరిగెత్తాడు.

స్వామి కాళ్ళు బారజాపుకుని మజ్జిగ వెయ్యమన్నారు.

కోదండపాణి డబ్బా విప్పి, తను కూరిన వాషర్లు ఒక్కొక్కటే తీశాడు. చింపి తెచ్చిన ఆకు పీలిక పళ్ళ మధ్య పెట్టి తిప్పితే చిరగకుండా బయటికి వచ్చేదాకా తీస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున కారు మలుపులన్నీ తిరిగి కుటీరం ముందు నిలబడింది. కింద పర్వతమ్మ గుమ్మంలో పీట వేసుకుని కూర్చునే చూసింది. ఆమె అలా కూర్చోవడం చూసి కోదండపాణికి కడుపు నిండిపోయింది.

స్వామి ఒక గుక్క తాగి, వంగి కారు పొట్ట కింద చెయ్యి పెట్టి చూశారు.

"ఇవాళ కాఫీ వేడిగా ఉంది, బండి చల్లగా ఉంది," అని మళ్ళీ చెంబు ఎత్తారు.

ఆ మధ్యాహ్నం పంక్తిలో విస్తరికీ విస్తరికీ మధ్య జానెడు చోటు కనిపించింది. అప్పలస్వామి అటూ ఇటూ చూశాడు.

"ఇయ్యేల ఎవరు రానేదు బాబూ? ఇంత జాగా ఒగ్గేసినావు."

కోదండపాణి పంచె ముడి కాస్త వదులు చేసుకుని కూర్చున్నాడు.